జోన్ మార్పు మీద అభ్యంతరం: సంతకాలు పోగుచేసే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వీధి మలుపులో ఉన్న ఖాళీ స్థలం ఇప్పటివరకు నివాస జోన్‌లో ఉంది. దాన్ని వాణిజ్య జోన్‌గా మార్చమని యజమాని దరఖాస్తు పెట్టుకున్నారు, కింద షాపులు, పైన నాలుగంతస్తుల ఫ్లాట్లు కడతామంటున్నారు. పురపాలక సంఘం అభ్యంతరాలు పిలిచింది, మీరు ఇల్లిల్లూ తిరిగి 200 సంతకాలు సేకరించారు. ఇంతమంది వద్దంటే కౌన్సిల్ ఎలా ఒప్పుకుంటుందని ఒకపక్క ధీమా, ఒప్పుకుంటుందేమోనని ఇంకోపక్క టెన్షన్. అర్జీ నకలు కూడా పెట్టారు, చదివాను.

నేను టౌన్ ప్లానింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇలాంటి దరఖాస్తుల మీద నివేదికలు రాశాను, విచారణల్లో కూర్చున్నాను. అందుకే సూటిగా చెప్తున్నాను, ఆ అర్జీ ఒక్కటే ఇస్తే నివేదికలో దాని గురించి ఒక్క వాక్యం వస్తుంది: స్థానికుల నుంచి వ్యతిరేకత ఉంది అని. అంతకుమించి రాయడానికి అందులో ఏమీ లేదు. అదే ఒక్క ఇంటివాళ్లు రెండు పేజీల లేఖ రాసి, అందులో రోడ్డు వెడల్పు, మురుగు పైపు సైజు, స్కూలు గేటు దగ్గర ఉదయం ఆగే వాహనాల లెక్క పెడితే, ఆఫీసు దానికి జవాబు వెతకాల్సిందే. ఇంజినీరింగ్ విభాగానికి ఫైలు పంపాలి, వాళ్లు సంతకంతో ఏదో ఒకటి రాయాలి. రేపు విషయం కోర్టుకెళితే మొదట అడిగేది ఆ కాగితమే.

అన్నిటికంటే ముందు, కౌన్సిల్ ముందున్నది ఏ రకం నిర్ణయమో తెలుసుకోండి. ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. ఊరంతటికీ మాస్టర్ ప్లాన్ తయారుచేయడం, ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు రాయడం అంటే చట్టం చేయడం లాంటి పని. అక్కడ ప్రజాభిప్రాయానికి బరువుంటుంది, ఎన్నికైనవాళ్లు జనం ఏమనుకుంటున్నారో చూసి ఓటేయడం న్యాయమే. ఉన్న నిబంధన ప్రకారం ఒక భవనానికి అనుమతి ఇవ్వడం, ఒక ప్లాటుకి సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలో, మినహాయింపు ఇవ్వడం అలా కాదు, అది తీర్పు చెప్పే పని. నిబంధనలో రాసిన షరతులన్నీ తీరితే వెయ్యిమంది వద్దన్నా ఆపడానికి వీల్లేదు, ఆపితే దరఖాస్తుదారు కోర్టుకెళ్లి తెచ్చుకుంటారు. షరతు ఒక్కటి తీరకపోతే ఆ సంగతి ఒక్కరు చూపించినా చాలు.

మీ కేసు ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది. పేరుకి జోనింగ్ మ్యాప్ సవరణ, అంటే చట్టం మార్చడం. జరిగేది మాత్రం ఒకరి స్థలం మీద ఒకరి దరఖాస్తుకి ఇచ్చే జవాబు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్ర సుప్రీం కోర్టు 1973లో ఫసానో కేసులో సరిగ్గా ఈ ముడినే విప్పింది. ఇలా ఒక స్థలానికి జోన్ మార్చడాన్ని తీర్పు లాంటి నిర్ణయంగానే చూడాలని, మార్పు ప్రజలకు అవసరమని, అది సమగ్ర ప్రణాళికతో పొసుగుతుందని రుజువు చేసే భారం మార్పు కోరినవాళ్లదేనని చెప్పింది. అమెరికాలోనే చాలా రాష్ట్రాలు ఆ దారిలో వెళ్లలేదు, అక్కడ ఇది ఇప్పటికీ శాసనపరమైన నిర్ణయమే. కాబట్టి మీ దగ్గర ఏ పద్ధతో ప్లానింగ్ ఆఫీసులో అడగండి, నోటీసు ఏ చట్టం ఏ సెక్షన్ కింద ఇచ్చారో అందులోనే రాసి ఉంటుంది. ఆ సెక్షన్ తెచ్చుకుని చదివితే సగం అయోమయం పోతుంది. ఇంకో సంగతి, తీర్పు లాంటి నిర్ణయమైతే కౌన్సిలర్ ఇంటికెళ్లి విడిగా మాట్లాడటం మీకే దెబ్బ కావచ్చు, విచారణ బయట జరిగిన సంప్రదింపు అని అవతలివాళ్లు పట్టుకుంటారు. శాసనపరమైనదైతే వెళ్లి కలవొచ్చు, కలవాలి కూడా.

ఇప్పుడు సంతకాల సంగతి. అవి పూర్తిగా వృథా అని నేను అనను, అయితే కొన్ని చోట్ల చట్టం లెక్కపెట్టేది ఎవరు సంతకం చేశారన్నదాన్నే. అమెరికా వాణిజ్య శాఖ 1920లలో రాష్ట్రాల కోసం ఒక నమూనా జోనింగ్ చట్టం తయారుచేసింది, దాదాపు దేశమంతా దాన్నే అటూ ఇటూ మార్చి వాడుకుంది. అందులో ఒక నిబంధన ఉంది: మార్చబోయే స్థలానికి ఆనుకుని ఉన్న భూమిలో, లేదా మార్చబోయే స్థలంలోనే, 20 శాతానికి యజమానులైనవాళ్లు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే, కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అక్కడ కాలనీ అవతలి చివర ఉన్న 150 మంది సంతకాలకంటే ప్రహరీ పంచుకున్న నాలుగు ఇళ్ల సంతకాలకు విలువెక్కువ. మీ చట్టంలో ఇలాంటిది ఉందేమో చూడండి. లేకపోయినా సరే, ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్ల చేత విడివిడిగా, వాళ్ల ఇంటికి జరిగేదేమిటో వాళ్ల మాటల్లో రాయించండి. ఒకే నమూనా లేఖని పేరు మార్చి యాభైమంది పంపితే ఆఫీసులో అది యాభై నకళ్లున్న ఒక్క లేఖ.

మీ అర్జీలో ఏముందంటే, మొదటి పేరాలో "మా ఇళ్ల విలువ పడిపోతుంది", రెండో పేరాలో "ఫ్లాట్లలో అద్దెకుండేవాళ్లు వస్తే కాలనీ వాతావరణం చెడిపోతుంది", మూడో పేరాలో ట్రాఫిక్ పెరుగుతుందని ఒక్క ముక్క. పనికొచ్చేది మూడోది, దానికే మీరు తక్కువ చోటిచ్చారు.

మొదటిది తీసుకుందాం. ఇంటి విలువ గురించి బాధ నిజమే, జీవితమంతా కూడబెట్టింది అందులోనే ఉంటుంది. కానీ ప్లానింగ్ చట్టం చూసేది భూమి వాడకం వల్ల చుట్టుపక్కల జరిగేదాన్ని. బ్రిటన్‌లో 1947 చట్టం భూమి మీద కొత్తగా ఏం కట్టాలన్నా, వాడకం మార్చాలన్నా అనుమతి తప్పనిసరి చేసింది, ఆ పద్ధతిలో ఏ వాదన లెక్కలోకి వస్తుంది ఏది రాదు అన్నది బాగా తేలిపోయింది. పక్కింటి విలువ తగ్గడం, కిటికీలోంచి కనిపించే దృశ్యం పోవడం లెక్కలోకి రావు. నీడ పడి ఇంట్లో వెలుతురు తగ్గడం, ఎదురెదురు కిటికీల వల్ల ఏకాంతం పోవడం, శబ్దం, పార్కింగ్, రోడ్డు భద్రత వస్తాయి. ఒక్కసారి ఆలోచిస్తే, మీ ఇంటి విలువ తగ్గేది కూడా ఈ కారణాల వల్లే కదా. కారణాన్ని రాయండి, విలువని వదిలేయండి.

రెండో పేరా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, దయచేసి తప్పుగా అనుకోకండి. అది కొట్టేయండి. మీ వాదనకు బలం ఇవ్వదు సరికదా, అవతలి లాయరు చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టవుతుంది. అసలు అది అనకూడని మాట కూడా. మనుషుల్ని దూరంగా పెట్టడానికి జోనింగ్‌ని వాడుకున్న చరిత్ర చిన్నది కాదు. బాల్టిమోర్ నగరం 1910లో నల్లజాతివాళ్లు ఏ వీధిలో ఉండాలి, తెల్లజాతివాళ్లు ఏ వీధిలో ఉండాలి అని నేరుగా ఆర్డినెన్స్ రాసింది. లూయివిల్ తెచ్చిన అలాంటి ఆర్డినెన్స్‌ని 1917లో అమెరికా సుప్రీం కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత నేరుగా రాయడం ఆగింది, ఇంత పెద్ద ప్లాటు ఉంటేనే ఇల్లు, ఒక కుటుంబానికి ఒక ఇల్లు, అపార్ట్‌మెంట్లు వద్దు అనే నిబంధనలతో అదే పని చాలా చోట్ల చుట్టుతిప్పి జరిగింది. జోనింగ్ అనే అధికారానికే అమెరికాలో పునాది వేసిన తీర్పు, 1926 నాటి యూక్లిడ్ కేసు. అందులో కూడా ఇళ్ల మధ్య వచ్చే అపార్ట్‌మెంట్ భవనాన్ని పరాన్నజీవితో పోల్చారు. ఆ చూపు ఎన్ని కుటుంబాలకు ఎన్ని తరాలపాటు తలుపులు మూసిందో తెలిసినవాడిగా, అద్దెకుండేవాళ్ల మీద అర్జీలో ఒక్క అక్షరం కూడా ఉండకూడదని అంటాను. ఆ భవనంలో ఎవరుంటారన్నది మీ ప్రశ్న కాకూడదు, ఆ భవనం ఆ స్థలంలో ఇముడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఇక మూడోది, ట్రాఫిక్. ట్రాఫిక్ పెరుగుతుంది అన్న మాటకి ఎవరూ జవాబివ్వరు, ఎందుకంటే ఏం కట్టినా పెరుగుతుంది. ఫైలు తెప్పించుకుని చూడండి, దరఖాస్తుతో పాటు పెట్టిన సైట్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు ఒక అంకె వేసి ఉంటుంది. టేపు పట్టుకుని వెళ్లి ఆ స్థలం ముందు మూడు చోట్ల కొలవండి. ప్లాన్‌లో 12 మీటర్లని ఉన్న రోడ్డు నేల మీద 9 మీటర్లే ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఒకపక్క కాలువ, ఒకపక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మధ్యలో ఎవరో ముందుకు జరిపిన మెట్లు. ప్లాన్ గీసినవాళ్లు పాత లేఅవుట్ కాగితంలో ఉన్న అంకెను ఎత్తి రాస్తారు, తనిఖీకి వచ్చినవాళ్లు హడావుడిలో అదే ఒప్పుకుంటారు. చాలా నిబంధనల్లో భవనం ఎత్తు, షాపులకు అనుమతి, అగ్నిమాపక వాహనం తిరిగే దారి, అన్నీ రోడ్డు వెడల్పుకే ముడిపడి ఉంటాయి, కాబట్టి ఆ మూడు మీటర్ల తేడా ఒక్కటే చాలాసార్లు కేసు మొత్తాన్ని తిప్పేస్తుంది. టేపు కనిపించేలా ఫొటోలు తీయండి, తేదీ రాయండి. ట్రాఫిక్ సర్వే జతచేసి ఉంటే అది ఏ రోజు, ఏ వేళ చేశారో చూడండి. స్కూలు సెలవుల్లో చేసిన సర్వేలో స్కూలు ముందు రోడ్డు ఖాళీగా ఉంటుంది మరి. అలాంటిది దొరికితే బడి తెరిచిన రోజున, గేటు దగ్గర రద్దీ ఉండే గంటలో మీరే నిలబడి పావుగంటకోసారి లెక్క రాసుకోండి. మామూలు నోటు పుస్తకంలో చేత్తో రాసిన పట్టిక అయినా ఫర్వాలేదు, అబద్ధం లేకుండా ఉంటే చాలు.

అందరూ మర్చిపోయే అసలైన సంగతి ఇంకొకటి ఉంది. జోన్ మారేది స్థలానికి, దరఖాస్తుదారుకి కాదు. ఇవాళ యజమాని వచ్చి కింద ఒక మందుల షాపు, ఒక క్లినిక్ పెడతాం అంటారు, అందమైన బొమ్మ చూపిస్తారు, కౌన్సిలర్లకి నచ్చుతుంది, మీలో కొందరికి కూడా నచ్చుతుంది. జోన్ మారాక ఆయన ఆ స్థలం అమ్మేయొచ్చు. కొన్నవాళ్లు వాణిజ్య జోన్‌లో అనుమతి ఉన్న ఏ పనైనా చేసుకోవచ్చు, మళ్లీ మిమ్మల్ని ఎవరూ అడగరు. అందుకే ఆ బొమ్మను పక్కనపెట్టి, నిబంధనల్లో ఆ జోన్‌లో ఏమేం అనుమతిస్తారో రాసిన పట్టికని బయటికి తీయండి. ఫంక్షన్ హాలు, పెట్రోల్ బంకు, గోడౌన్, బార్ అందులో ఉన్నాయా? ఉంటే మీ లేఖలో మొదటి అంశం అదే కావాలి. అలాగే అడగండి: ఇంత పెద్ద మార్పు ఎందుకు, చిన్న షాపులకు మాత్రమే వీలుండే మిశ్రమ వినియోగ జోన్ మీ నిబంధనల్లో ఉంటే అది సరిపోదా? ఈ ప్రశ్న చాలామంది కౌన్సిలర్లని ఆలోచింపజేయడం నేను కళ్లారా చూశాను, ఎందుకంటే అవును, కాదు అనే రెండు తలుపుల మధ్య మీరు మూడోది తెరుస్తున్నారు.

నిజానికి షాపులు వద్దే వద్దు అన్న పట్టుదల కూడా ఒకసారి మీలో మీరు మాట్లాడుకోవాల్సింది. జపాన్‌లో జోన్లను జాతీయ చట్టమే నిర్ణయిస్తుంది, మొత్తం 13 రకాలు, ఏ ప్రాంతానికి ఏ జోన్ అన్నది స్థానిక ప్రభుత్వాలు గీస్తాయి. అన్నిటికంటే కట్టుదిట్టమైన నివాస జోన్‌లో కూడా ఇంటితో కలిపి 50 చదరపు మీటర్ల లోపు చిన్న దుకాణం పెట్టుకోవచ్చు, అది ఇంటి విస్తీర్ణంలో సగం దాటకూడదు. బడి, క్లినిక్ కూడా ఉండొచ్చు. అక్కడ నివాస ప్రాంతాలు పాడైపోలేదు. పెద్దవాళ్లు నడిచి వెళ్లి పాలో మందులో తెచ్చుకునే దూరంలో ఒక షాపు ఉండటం మేలే. సమస్య షాపు పరిమాణంలో, దానికి వచ్చే లారీలో, రాత్రి పదకొండు దాటినా వెలిగే బోర్డులో ఉంటుంది. ఇళ్ల సంఖ్య విషయంలో కూడా అంతే. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నగరం 2016లో కొత్త ప్రణాళికతో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల్లో ఇంతకు ముందుకంటే ఎక్కువ ఇళ్లు కట్టుకునేలా నిబంధనలు సడలించింది, తర్వాతి ఏళ్లలో అక్కడ ఇళ్ల నిర్మాణం బాగా పెరిగింది. ప్రతి వీధీ మా దగ్గర వద్దు అంటే ఊళ్లో కొత్తగా ఇల్లు కావాల్సినవాళ్లు, అంటే మన పిల్లలు కూడా, ఎక్కడికి పోతారు? విచారణకి వచ్చేవాళ్లు ఊరందరికీ ప్రతినిధులు కారన్నది కూడా తేలిన విషయమే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పట్టణాల సమావేశాల మినిట్స్‌ని, అంటే ఎవరేం మాట్లాడారో రాసిన రికార్డుని, బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలిస్తే, మాట్లాడేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు ఊళ్లోని ఓటర్లలో వాళ్ల వాటాకంటే ఎక్కువగా కనిపించారు, మాట్లాడినవాళ్లలో చాలామంది కొత్త ఇళ్లని వ్యతిరేకించినవాళ్లే. మీరు విచారణకి వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఇది, అక్కడికి రాలేనివాళ్లు కూడా ఉన్నారని గుర్తుపెట్టుకుని మాట్లాడమని.

అందుకే మీకు నా సలహా, లేఖలో రెండు మెట్లు పెట్టుకోండి. మొదట, ఈ స్థలానికి ఈ జోన్ ఎందుకు తగదో కారణాలు. తర్వాత, ఒకవేళ ఆమోదించేటట్లయితే ఏ షరతులతో ఆమోదించాలో. చాలామంది రెండోది రాయడానికి భయపడతారు, ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని. అవదు. "పై అభ్యంతరాలకు భంగం లేకుండా" అని ఒక్క ముక్క రాసి మొదలుపెట్టండి చాలు. షరతులు రాయకపోతే, కౌన్సిల్ ఆమోదించిన రోజున మీకు ఏమీ మిగలదు. అడగాల్సినవి కూడా స్పష్టంగా అడగాలి: ఇళ్ల వైపు ఎన్ని మీటర్లు ఖాళీ వదలాలి, పై అంతస్తులు ఇళ్ల వైపు వెనక్కి జరగాలా, వాహనాలు ఏ రోడ్డులోంచి లోపలికి రావాలి, సరుకు దించే వేళలేమిటి, జనరేటర్ ఎక్కడ పెట్టాలి, వాన నీళ్లు ఎటు పోవాలి. షరతుకీ సమస్యకీ సంబంధం ఉండాలన్నది మర్చిపోకండి. కాలనీకి గుడి కట్టివ్వాలి, కమ్యూనిటీ హాలు కట్టివ్వాలి లాంటివి అడిగితే మిగతా మంచి షరతులు కూడా పలచబడతాయి. అమెరికా సుప్రీం కోర్టు 1994లో డోలన్ కేసులో ఇదే తేల్చింది. ఒక హార్డ్‌వేర్ షాపు విస్తరణకు అనుమతి ఇస్తూ నగరం సైకిల్ దారి కోసం కొంత భూమి వదలమంది. విస్తరణ వల్ల జరిగే ప్రభావానికీ అడిగినదానికీ తగినంత పొంతన ఉందని నగరమే చూపించాలని కోర్టు చెప్పింది. ఈ సూత్రం ఆ దేశానిదే అయినా, పొంతన లేని షరతు ఎక్కడైనా నిలబడటం కష్టమే.

పనిలో పనిగా మీ సొంత కాగితాలు కూడా తీసి చూడండి. లేఅవుట్ వేసినప్పుడు అమ్మకపు దస్తావేజుల్లో ఇది నివాసానికి మాత్రమే వాడాలి అన్న షరతు ఏదైనా పెట్టారా? అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మామూలు అర్థంలో జోనింగే లేదు, ఓటర్లు 1948లో, 1962లో, 1993లో మూడుసార్లు వద్దన్నారు. అయినా అక్కడ చాలా కాలనీల్లో ఇళ్లు ఇళ్లుగానే ఉన్నాయంటే దస్తావేజుల్లోని షరతులే కారణం, వాటిని అమలు చేయించడానికి నగరమే కోర్టుకి వెళుతుంది. మీ దగ్గర నగరం వెళ్లకపోవచ్చు, కానీ అలాంటి షరతు ఉంటే జోన్ మారినా అది దానంతటదే చెరిగిపోతుందని అనుకోవద్దు, లాయరుకి చూపించండి.

ఆ ఖాళీ స్థలం నిజంగా ప్రైవేటుదేనా అన్నది కూడా నిర్ధారించుకోండి. మీరు యజమాని అన్నారు కాబట్టి అయ్యుండొచ్చు, కానీ లేఅవుట్ మ్యాప్‌లో అది పార్కు అనో, స్కూలుకనో, ఖాళీ జాగా అనో గుర్తించి ఉంటే కథ పూర్తిగా వేరు. అప్పుడు షరతులు, రాజీలు ఏవీ వద్దు, చివరిదాకా పోరాడాల్సిందే. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కోసం ఇచ్చేస్తే, స్థానికులు కోర్టుకెళ్లారు. 1991లో మన సుప్రీం కోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. పార్కు స్థానం ఆసుపత్రితో తీరేది కాదని, అభ్యంతరం చెప్పే హక్కు ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకు ఉందని చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. ఒక కాలనీకి ఊపిరాడే జాగా ఒకసారి పోతే మళ్లీ రాదు, ఈ విషయంలో మాత్రం నేను ఏమాత్రం మెతకగా ఉండలేను.

అభ్యంతరాల గడువులోపల ఏం చేయాలంటే, ముందు ఫైలు మొత్తం చూడండి, దరఖాస్తు, సైట్ ప్లాన్, శాఖల అభిప్రాయాలు, ప్లానింగ్ సిబ్బంది నివేదిక తయారై ఉంటే అదీ. మాస్టర్ ప్లాన్‌లో ఆ ప్రాంతం గురించి రాసిన పేరాని వెతకండి, మ్యాప్ ఒక్కటే కాదు, దాంతో పాటు ఉండే పుస్తకం కూడా. ఆ రోడ్డుని వాణిజ్య రోడ్డుగా మార్చాలని ప్లాన్‌లోనే రాసి ఉంటే మీ పని కష్టం, నివాసంగా ఉంచాలని రాసి ఉంటే ఆ వాక్యాన్ని పేజీ నంబరుతో సహా ఎత్తి లేఖలో పెట్టండి, అంతకు మించిన ఆధారం మీకు దొరకదు. చుట్టూ అంతా నివాసమే ఉండి మధ్యలో ఆ ఒక్క ప్లాటుకే మార్పు అడుగుతుంటే, ఒక్కరి లాభం కోసం మ్యాప్‌కి బొట్టు పెట్టినట్టు మార్చడాన్ని కోర్టులు చాలా దేశాల్లో అనుమానంగానే చూస్తాయి, ఆ మాట కూడా రాయండి. లేఖని ఇచ్చి ముద్ర వేసిన రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది ఎంత బాగా చెప్పినా రికార్డులో లేకపోతే రేపు పైకోర్టులో లేనట్టే.

విచారణ రోజున మీకు మూడు నిమిషాలే ఇవ్వొచ్చు. పదిమంది ఒకే మాట చెప్పొద్దు, ఒకరు రోడ్డు, ఒకరు మురుగు నీరు, పక్కింటివాళ్లు నీడ, స్కూలుకి పిల్లల్ని పంపే తల్లి గేటు సంగతి, ఇలా పంచుకోండి. ఎదుటివాళ్లని తిట్టొద్దు, అవినీతి అని ఆధారం లేకుండా అరవొద్దు. అలా అరిచిన సమావేశాల్లో కౌన్సిలర్లు బిగుసుకుపోయి, వినాల్సిన మాట కూడా వినకుండా ఓటేయడం జరుగుతుంది. చివర్లో ఒక్కటి గట్టిగా అడగండి: నిర్ణయం ఏదైనా సరే, కారణాలతో తీర్మానంలో రాయమని, మా రాతపూర్వక అభ్యంతరాల్లో ప్రతిదానికీ జవాబు చెప్పమని. కారణం రాయాల్సి వస్తుందంటే జాగ్రత్తగా ఆలోచిస్తారు, మనిషి స్వభావం అది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఇలాంటి కేసుల్లో సగం పైన అప్పటికే తేలిపోయి ఉంటాయి, మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడే. అప్పుడు ఆ మ్యాప్‌ని ఆఫీసు గోడకు అంటిస్తారు, పేపర్లో నోటీసు వేస్తారు, అభ్యంతరాలకు గడువిస్తారు, వచ్చేది బిల్డర్లు, భూములున్నవాళ్లు, ఒకరిద్దరు రిటైర్డ్ ఇంజినీర్లు. మామూలు కాలనీవాళ్లకి అది ఎక్కడో దూరపు విషయంలా ఉంటుంది, రంగులు వేసిన పెద్ద కాగితంలో తమ వీధి ఎక్కడుందో కూడా కనిపించదు. మన రాజ్యాంగంలో 1992 నాటి 74వ సవరణ పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ ప్రణాళికని మొదటి అంశంగా, భూ వినియోగ నియంత్రణని రెండో అంశంగా పెట్టి, ఈ పనులు పురపాలక సంఘాలకి అప్పగించడానికి దారి వేసింది. ఆచరణలో ఆ అధికారం చాలా చోట్ల రాష్ట్ర ప్రభుత్వం, డెవలప్‌మెంట్ అథారిటీల చేతుల్లోనే ఉండిపోయింది, కాబట్టి మీ కౌన్సిల్ చేసేది తుది నిర్ణయమా, లేక పైకి పంపే సిఫార్సు మాత్రమేనా అన్నది కూడా తప్పకుండా కనుక్కోండి. సిఫార్సు మాత్రమే అయితే మీ లేఖ ప్రతి పైవాళ్లకి కూడా వెళ్లాలి. కాలనీ సంఘంలో ఇద్దరికి ఈ పని అప్పజెప్పండి, కౌన్సిల్ అజెండా ప్రతిసారీ చూడటం, ప్లాన్ ముసాయిదా ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండటం. ఇది కష్టమైన పనేం కాదు, ఓపిక కావాలి అంతే.

నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే తీర్మానం ధ్రువీకరించిన ప్రతి కోసం అదే రోజు దరఖాస్తు పెట్టండి. అప్పీలుకి గడువు చాలా చోట్ల తక్కువ, కొన్నిచోట్ల నెల కూడా ఉండదు. ఆ గడువు తీర్మానం చేసిన తేదీ నుంచి లెక్కిస్తారా, గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచా, మీకు ప్రతి అందిన తేదీ నుంచా అన్నది చట్టంలో చూసుకోండి, సందేహం ఉంటే అన్నిటికంటే ముందు తేదీనే లెక్కలోకి తీసుకోండి. మీరిచ్చిన లేఖ, రసీదు, కొలతల ఫొటోలు, ట్రాఫిక్ పట్టిక, మినిట్స్ నకలు ఒకే ఫోల్డర్‌లో వరసగా పెట్టి లాయరుకి ఇస్తే మొదటి వారంలోనే అప్పీలు వేయొచ్చో లేదో తేల్చి చెప్పగలరు. ఇక్కడ మీ నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చిందో, మీ జోన్‌లో అనుమతి ఉన్న పనుల పట్టికలో ఏముందో రాయండి, అవి చూశాక లేఖ ముసాయిదాలో ఏం ముందు పెట్టాలో చెప్తాను.